రానివారి లెక్క: మధుమేహం, గుండెజబ్బుల వైద్యంలో నాణ్యత, అంతరాలు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ డాక్టరుగారిని మీలో చాలామంది ఎరుగుదురు. ఆయన హస్తవాసి గురించి ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాకు ఆయన దగ్గర నచ్చిన సంగతి వేరే ఉంది. బీపీ, షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక అట్టకార్డు రాయించి రేకుడబ్బాలో వరసగా పెట్టించేవారు. నెలాఖరున కాంపౌండరు ఆ డబ్బా ముందేసుకుని, ఆ నెలలో రానివారి కార్డులు ఏరి పక్కన పెట్టేవాడు. పాలవాళ్ల చేతా, బస్సు కండక్టర్ల చేతా ఆయా ఊళ్లకు కబురు వెళ్లేది, డాక్టరుగారు రమ్మన్నారని. వచ్చినవారికి వైద్యం చేయడం అందరం చేసే పనే. రానివారిని గుర్తుపెట్టుకోవడం కొద్దిమందే చేస్తారు.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మధుమేహం, గుండెజబ్బుల వైద్యం ఎంత నాణ్యంగా జరుగుతోందో తేల్చాలంటే ఎదుట కూర్చున్న రోగిని చూస్తే చాలదు. రాలేకపోయినవారు, నాలుగుసార్లు వచ్చి మానేసినవారు, అసలు పరీక్షే చేయించుకోనివారు ఎందరో తెలియాలి. పేదకూ గొప్పకూ, ఆడకూ మగకూ, ఏజెన్సీ గూడేనికీ జిల్లా కేంద్రానికీ మధ్య ఉన్న తేడాలన్నీ ఆ తెలియని లెక్కలోనే ఉన్నాయి.

గోదావరి పల్లెల మరణాలు

గుండెపోటు పట్నవాసుల జబ్బు, షుగరు కలిగినవాళ్ల జబ్బు అని మనలో చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. దాన్ని గట్టిగా కదిలించిన లెక్క మన దగ్గరే, ఉభయ గోదావరి జిల్లాల్లోనే తేలింది. 2003–04లో 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఏడాదిపాటు జరిగిన మరణాలను వరసగా నమోదు చేశారు. ఇంటి దగ్గర పోయినవారికి మరణ కారణం రాసిపెట్టే డాక్టరు ఉండడు కదా. అందుకని ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబసభ్యులను ఓపిగ్గా అడిగి రాసుకొచ్చారు. నొప్పి ఎక్కడ వచ్చింది, కాలూ చెయ్యీ పడిపోయిందా, ఆయాసం ఎన్నాళ్లుంది అని. ఆ వివరాలు చదివి వైద్యులు కారణం నిర్ణయించారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. గుండె, రక్తనాళాల జబ్బులవల్ల పోయినవారు నూటికి 32 మంది. అంటువ్యాధుల మరణాలకు ఇది రెట్టింపును మించింది. వరి పండించే పల్లెల సంగతి ఇది.

దేశం మొత్తానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు. దాని అంచున ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. పెద్దల్లో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు. పైగా మనకు ఈ జబ్బులు తొందరగా వస్తాయి. వివిధ దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చిన వయసు దక్షిణాసియావారిలో సుమారు 53 ఏళ్లు, ఇతరుల్లో 59కి దగ్గర. ఆ ఆరేళ్లు ఇంటి పెద్ద ఇంకా సంపాదిస్తున్న ఏళ్లు, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ మిగిలి ఉన్న ఏళ్లు.

నాణ్యతను ఎలా కొలవాలి

వైద్యంలో నాణ్యత గురించి శాస్త్రీయంగా ఆలోచించడం నేర్పినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు అవెడిస్ డొనబేడియన్. బీరూట్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆయన 1966లో రాసిన వ్యాసంలో మూడు ప్రశ్నలు వేరుచేసి చూపారు. వసతులు ఉన్నాయా? చేయవలసిన పని చేశారా? రోగికి మేలు జరిగిందా? మన దగ్గర చర్చ ఎప్పుడూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని పడకలు, ఎన్ని క్యాత్‌ల్యాబ్‌లు, ఎంతమంది స్పెషలిస్టులు అని. షుగరు మిషన్ ఉన్నంతమాత్రాన సరిపోదు. దానితో చూసిన అంకెనుబట్టి మందు మార్చారా, మార్చాక అంకె దిగిందా అన్నవి తర్వాతి రెండు ప్రశ్నలు.

మధుమేహంలో మూడో ప్రశ్నకు జవాబు ఒక్క చక్కెర మీదే ఆధారపడదు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అనే దీర్ఘకాల అధ్యయనం 1998లో చూపింది: షుగరు రోగుల్లో రక్తపోటును గట్టిగా అదుపుచేస్తే పక్షవాతం 44 శాతం, మధుమేహ సంబంధమైన మరణాలు 32 శాతం తగ్గాయి. డెన్మార్క్‌లో స్టెనో కేంద్రంలో 160 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ మూడింటినీ దాదాపు ఎనిమిదేళ్లపాటు కలిపి అదుపుచేశారు. 21 ఏళ్ల తర్వాత చూస్తే ఆ జట్టువారు రెండో జట్టుకంటే దాదాపు ఎనిమిదేళ్లు ఎక్కువ బతికారు. ఎనిమిదేళ్ల ఆయుష్షు ఇచ్చింది ఏ కొత్త యంత్రమూ కాదు. మామూలు బిళ్లలు, క్రమం తప్పని పర్యవేక్షణ, ఆహారం, నడక.

ఇక మన సంగతి. తమకు షుగరు ఉందని తెలిసినవారిలో ఎంతమంది లక్ష్యాలు అందుకున్నారని ఇండియాబ్ పరిశోధకులే చూశారు. మూడు నెలల సగటు చక్కెర అదుపులో ఉన్నవారు 36.3 శాతం. రక్తపోటు అదుపులో ఉన్నవారు 48.8 శాతం. చెడు కొలెస్టరాల్ అదుపులో ఉన్నవారు 41.5 శాతం. విడివిడిగా చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. మూడూ ఒకే మనిషిలో అదుపులో ఉన్నవారు 7.7 శాతం. నూటికి ఎనిమిది మంది కూడా లేరు. జబ్బు ఉందని తెలిసినవారి మాట ఇది. తెలియనివారు ఈ లెక్కలోకే రారు.

ఒక నోటుపుస్తకం

అంకెలు విని మరిచిపోతాం. కాబట్టి నా దగ్గరకు వచ్చిన ఒక రోగి నోటుపుస్తకం మీ ముందు విప్పుతాను. ఆమె వ్యవసాయ కూలీ, యాభై దాటిన మనిషి. వందపేజీల బడి నోటుబుక్కు, పైన మనవడి పేరు కొట్టేసి ఆమె పేరు రాసి ఉంది. లోపల నెలకో పేజీ. ప్రతి పేజీలోనూ పరగడుపు షుగరు అంకె ఉంది: 210, 232, 198, 240. కింద అవే రెండు రకాల బిళ్లలు, అదే మోతాదు. అంకె పెరిగినా తగ్గినా మందు మారలేదు. పక్కనే బీపీ: 130/80, 130/80, 130/80. మనిషి రక్తపోటు నెలనెలా ఒకే దగ్గర నిలబడదు. పట్టీ కట్టి చూసి రాసిన అంకె కాదది, గడి ఖాళీగా ఉండకూడదని రాసిన అంకె. నేను చూస్తే 168 ఉంది. కొలెస్టరాల్ మందు ఏ పేజీలోనూ లేదు. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష లేదు. కంటి పరీక్ష లేదు.

పాదాల ప్రస్తావన కూడా లేదు. అందుకు కారణం నాకు మా క్లినిక్ గుమ్మంలోనే కనిపించింది. మన దగ్గర డాక్టరు గదిలోకి చెప్పులు వేసుకుని ఎవరూ రారు. బయట విడిచి వస్తారు. అరిగిపోయిన ఆ చెప్పుల్లోనే సగం సమాచారం ఉంటుంది: మడమ దగ్గర చిల్లు, లోపలికి దిగిన తుమ్మముల్లు, ఒకవైపే నలిగిన అట్ట. షుగరు ముదిరి నరాలు మొద్దుబారిన పాదానికి ముల్లు దిగినా తెలియదు. సన్నని నైలాన్ తీగను అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, తగిలిందా అమ్మా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. కుష్ఠురోగుల కోసం మొదట తయారైన మెత్తని ఎంసీఆర్ రబ్బరు చెప్పులు షుగరు పాదాన్నీ కాపాడతాయి. ఆ రెండు నిమిషాలూ, ఆ చెప్పులూ లేక ముందు వేలు, తర్వాత కాలు పోగొట్టుకున్నవారు ప్రతి జిల్లా ఆస్పత్రి సర్జికల్ వార్డులోనూ ఉన్నారు.

ఆమెకు మందు రాసిన డాక్టరు చెడ్డవాడని నేను అనను. పూటకు వందమందిని చూసేచోట ఎవరైనా అదే రాస్తారు. ఆమె కూడా నిర్లక్ష్యం చేయలేదు. నెలకొక రోజు కూలి పోగొట్టుకుని క్రమంగా వచ్చింది. వచ్చినా ఆమెకు అందింది వైద్యం కాదు, వైద్యం జరిగినట్టు ఒక దాఖలా.

తేడా శరీరంలో లేదు

పేదవారు గుండెపోటుతో ఎక్కువగా చనిపోతారంటే, ఆలస్యంగా వస్తారనీ, బలహీనంగా ఉంటారనీ, పొగాకు ఎక్కువనీ సర్దిచెప్పుకుంటాం. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు ముందుండి నడిపిన క్రియేట్ రిజిస్ట్రీ ఈ సర్దుబాటుకు జవాబిచ్చింది. దేశంలో 50 నగరాల్లో 89 ఆస్పత్రుల నుంచి 20,468 మంది గుండెపోటు రోగుల వివరాలు సేకరించి 2008లో ప్రచురించారు. నెల తిరిగేలోపు పోయినవారు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. వయసు, పొగాకు, షుగరు వంటి తేడాలన్నీ సరిచేసి చూసినా ఈ అంతరం తగ్గలేదు. అందిన చికిత్సలోని తేడాను సరిచేసి చూడగానే అంతరం పోయింది. అదే చికిత్స అందితే పేదవాడి గుండే, ధనికుడి గుండే ఒకేలా కోలుకుంటాయన్నమాట.

ఆ చికిత్సల తేడా ఎంతో వినండి. యాంజియోప్లాస్టీ ధనికుల్లో 15.3 శాతానికి, పేదల్లో 2 శాతానికి. స్టెంటు ఖరీదైనది, అర్థం చేసుకోగలం. కొలెస్టరాల్ తగ్గించే మందు ధనికుల్లో 61 శాతానికి రాస్తే పేదల్లో 36 శాతానికే రాశారు. అది బిళ్ల. రోజుకు కొద్ది రూపాయల బిళ్ల. దాన్ని రాయకపోవడానికి ఖరీదు కారణమని ఒప్పుకోవడం నాకు కష్టం. ఇతను ఎలాగూ కొనలేడులే అని మనమే ముందుగా తీర్పు చెప్పేస్తాం.

ఇదే రిజిస్ట్రీలో ఇంకో అంకె ఉంది. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆస్పత్రి గడప తొక్కేదాకా పట్టిన సమయం, నడిమి లెక్కన, 360 నిమిషాలు. లోపలికి వచ్చాక రక్తపు గడ్డ కరిగించే మందు ఎక్కించేందుకు పట్టింది 50 నిమిషాలు. ఆరు గంటలు ఎక్కడ పోయాయో మన ఊళ్లు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. గ్యాసు అనుకుని సోడా తాగడంలో కొంత, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షనులో కొంత, బండి వెతకడంలో కొంత, ఈసీజీ లేని నర్సింగ్‌హోమ్‌కు పోయి పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మనిపించుకోవడంలో కొంత. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఇందులో ఒక ముక్కను బాగుచేసింది. చిన్న ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, పెద్ద కేంద్రంలోని నిపుణుడు చదివి చెప్పగానే అక్కడికక్కడే గడ్డ కరిగించే మందు ఇచ్చి పంపే పద్ధతి తమిళనాడులో మంచి ఫలితమిచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది. దీన్ని ఏజెన్సీ మండలాలకు, వాహనం చేరడానికే కష్టమయ్యే గూడేలకు ఎంత త్వరగా తీసుకెళ్తామన్నదే ప్రశ్న.

ప్రపంచం సంగతి కూడా ఇదే. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనంలో, ఇదివరకే గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవారు వాడవలసిన నాలుగు రకాల మందుల్లో ఒక్కటి కూడా వాడనివారు ధనిక దేశాల్లో 11 శాతం, మనతో సహా పేద దేశాల్లో 80 శాతం. ఇదే అధ్యయనం 2014లో మరో సంగతి చెప్పింది. జబ్బు తెచ్చే ముప్పు కారకాలు ధనిక దేశాల్లోనే ఎక్కువ. చావులు మాత్రం పేద దేశాల్లో ఎక్కువ.

ఉచితమైనా రానివారు

డబ్బు అడ్డు తొలగిస్తే అంతరం తొలగుతుందా? అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం దీనికి పెద్ద పరీక్షే పెట్టింది. 2007లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. గుండె ఆపరేషను పేరెత్తితే పొలం అమ్మకానికి పెట్టే రోజుల్ని అది చాలామందికి తప్పించింది. నేను కళ్లారా చూసిన మేలు అది. కానీ పథకం తొలినాళ్ల లెక్కలు పరిశీలించిన పరిశోధకులు 2018లో తేల్చినదేమంటే, ఆస్పత్రుల్లో చేరినవారిలో స్త్రీలు 42 శాతం, వారిపై అయిన ఖర్చు 39 శాతం. పైసా చెల్లించనక్కర్లేని చోట కూడా ఆడవారు తక్కువగానే వచ్చారు. ఇంట్లో ఆడమనిషికి ఆయాసమంటే పని అలసట అనుకుంటారు. వెంట వెళ్లేదెవరు, ఇంట్లో వండేదెవరు, పశువుల్ని చూసేదెవరు అన్న ప్రశ్నలు ఆరోగ్యశ్రీ కార్డుకంటే ముందు వస్తాయి.

రెండో చిక్కు పథకం స్వభావంలోనే ఉంది. పెద్ద చికిత్సకు డబ్బు నిలబెట్టడం సులభం. ముప్పై ఏళ్లపాటు రోజూ మింగవలసిన బిళ్లను తప్పకుండా అందించడం కష్టం. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు మందులూ ఇచ్చారు, నిజమే. ఆ తర్వాత? స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్లినవాడు మందు మానేస్తే, చేసిన పనంతా నాటు వేసి నీరు కట్టని మడి అవుతుంది. ఇన్సులిన్‌ది ఇంకో అవస్థ. ఫ్రిజ్ లేని ఇళ్లలో దాన్ని నీళ్లు పోసిన మట్టికుండలో పెట్టుకుని కాపాడుకుంటున్నవారిని చూశాను. ఆ నేర్పు వారిది. సీసా అందుబాటులో ఉంచడం మన బాధ్యత.

ఏది పనిచేసింది, ఏది చేయలేదు

పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో స్మార్ట్‌హెల్త్ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తలకు ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, ముప్పు లెక్కకట్టి, ఎక్కువ ముప్పు ఉన్నవారిని డాక్టరు దగ్గరకు పంపారు. ఆశాలు తమ పని బ్రహ్మాండంగా చేశారు. అరవై వేలమందికి పైగా పరీక్షించారు. అయినా చివరికి బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జబ్బును కనిపెట్టడం ఒక సగమే. కేంద్రంలో డాక్టరు ఉండటం, మందు దొరకటం, మళ్లీ రావటం రెండో సగం. కేరళలో 63 ఆస్పత్రుల్లో, 21 వేలమందికి పైగా రోగులతో జరిగిన ప్రయత్నంలోనూ గుండెపోటు చికిత్సకు తనిఖీ పట్టికలు, నమూనా ఉత్తర్వులు ఇచ్చి చూశారు. ఫలితంలో నికరమైన తేడా తేలలేదు. కాగితం ఒక్కటే వైద్యాన్ని మార్చదు.

మార్చినవీ ఉన్నాయి. భారత్, పాకిస్థాన్‌లలో పది మధుమేహ క్లినిక్‌లలో డాక్టరుకు తోడుగా ఒక సమన్వయకర్తను పెట్టారు. రోగికి ఫోన్ చేసి పలకరించడం, తేదీ గుర్తుచేయడం ఆ మనిషి పని. మందు ఎప్పుడు పెంచాలో కంప్యూటరు డాక్టరుకు సూచించేది. లక్ష్యాలు అందుకున్నవారు మామూలు పద్ధతిలో 8 శాతమైతే, ఇక్కడ 18 శాతం. రెండింతలు దాటింది. ఇంకా ఎంత మిగిలి ఉందో కూడా ఆ అంకే చెబుతుంది.

అధిక రక్తపోటు అదుపుకోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన కార్యక్రమంలో నాకు నచ్చింది దాని లెక్క విధానం. నమోదైన ప్రతి రోగీ మూడు గదుల్లో ఒకదానిలోకి వస్తాడు: అదుపులో ఉన్నవారు, వచ్చినా అదుపులో లేనివారు, అసలు రానివారు. రానివారిని కూడికలోంచి తీసేసి మంచి శాతం చూపించే వీలు లేదు. అందరికీ ఒకే చికిత్సా క్రమం, ముప్పై రోజుల మందు, మందు ఇవ్వడంలోనూ పిలవడంలోనూ నర్సులకు బాధ్యత. కంటి వైద్యంలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున కట్టుకొచ్చిన అంచెల వ్యవస్థ కూడా ఇదే నీతి చెబుతుంది: నిపుణుడి దగ్గరకు రోగిని రప్పించే ముందు నైపుణ్యాన్నే ఊరికి దగ్గరగా తీసుకుపోవాలి.

రానివారిని లెక్కలోకి తెచ్చే ఈ ఆలోచనకు ఆద్యుల్లో ఒకరు వేల్స్ దేశపు బొగ్గుగని ఊరి డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్. మంచి వైద్యం ఎక్కువ అవసరమున్నవారికే తక్కువగా అందుతుందని 1971లో సూత్రీకరించింది ఆయనే. చెప్పి ఊరుకోలేదు. గ్లిన్‌కోరుగ్ అనే తన ఊళ్లో పెద్దలందరి రక్తపోటు చూడాలని పూనుకున్నారు. క్లినిక్‌కు రానివారిని వెతికి చూశారు. పాతికేళ్ల తర్వాత లెక్కవేస్తే 65 ఏళ్లలోపు మరణాల రేటు, అలాంటి ఏర్పాటు లేని పక్క ఊరికంటే తక్కువగా తేలింది. రెండూ పేద ఊళ్లే.

చేయవలసినవి

నా సూచనలు నాలుగు. ఒకటి, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ప్రతి బస్తీ దవాఖానా, ప్రతి గ్రామ క్లినిక్ నెలకొకసారి నాలుగు అంకెలు గోడమీద రాయాలి: నమోదైనవారు, ఆ నెల వచ్చినవారు, అదుపులో ఉన్నవారు, రానివారు. ఇవే అంకెలు స్త్రీలకు, గిరిజన ఆవాసాలకు, కూలీలకు విడిగా కట్టాలి. సగటు కింద దాగిన అంతరం ఎవరికీ కనబడదు.

రెండు, వేళలు మార్చాలి. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా నడిచే క్లినిక్ కూలికి వెళ్లేవారికోసం పెట్టింది కాదు. వారంలో రెండు సాయంత్రాలు తెరవాలి. అదుపులో ఉన్నవారికి రెండు, మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి.

మూడు, ఏడాదికొకసారి పాదం, కన్ను, మూత్రం చూడకుండా ఏ షుగరు రోగి పుస్తకమూ కొత్త ఏడాదిలోకి వెళ్లకూడదు. నర్సమ్మ చేయగల పనులివి.

నాలుగు, ప్రైవేటు వైద్యులం మనం కూడా ఈ లెక్క కట్టాలి. మన జనంలో చాలామంది డబ్బు పెట్టి మన దగ్గరకే వస్తున్నారు. వారిలో మానేసినవారెందరో మనకు తెలియదు. వేరే డాక్టరు దగ్గరకు పోయి ఉంటారులే అనుకుంటాం. కొందరు పోయి ఉండవచ్చు. కొందరు మందే మానేసి ఉండవచ్చు. కనుక్కోవడానికి ఒక ఫోను చాలు.

ఇక్కడ కూర్చున్న వైద్య విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించి ముగిస్తాను. రేపు వార్డుకు వెళ్లినప్పుడు, కాలు తీసేసిన షుగరు రోగి దగ్గరో, రెండోసారి గుండెపోటు వచ్చిన మనిషి దగ్గరో కూర్చోండి. కేస్‌షీటులో అడిగే ప్రశ్నలన్నీ అడిగాక ఇంకొకటి అడగండి: చివరిసారి మందు తెచ్చుకున్నది ఎప్పుడు, ఆ తర్వాత ఎందుకు ఆగిపోయారు? ఆ జవాబును నిర్ధారణ పక్కనే రాయండి. పరీక్షలో దానికి మార్కులు లేవు. కానీ ఆ జవాబులు వంద పోగుచేస్తే మీ జిల్లాలో ముందు ఏది బాగుచేయాలో తెలిసిపోతుంది. ఆ కాగితం పట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరకు వెళ్లండి. మీతో నేనూ వస్తాను.